ఘాటు మీదికి నెట్టిన నేరం

వానలు పడగానే ఎత్తిపోతలకు జనం కదులుతారు. మాచర్ల దాపున చంద్రవంక డెబ్బై అడుగుల ఎత్తునుంచి దూకుతుంటే ఆ తుంపర మొహాన పడాలని ఎవరికుండదు? ఉబ్బసం ఉన్న పిల్లల్ని మాత్రం ‘చెమ్మ పడదు’ అంటూ ఇంట్లో ఉంచేస్తారు. తుంపర సంగతేమో గానీ, వాళ్లను ఉంచిన గదిని ఎవరైనా చూశారా? నాపరాళ్ల కప్పు సందుల్లోంచి ఊరే నీరు, గోడమీద నల్లటి మచ్చ, మూసిన కిటికీ, దండెం మీద ఆరని బట్టలు. బూజుకు ఇంకేం కావాలి! అది గాల్లోకి వదిలే సిద్ధబీజాలు కంటికి ఆనవు. ఆస్పర్‌జిల్లస్ అనే బూజువైతే రెండు మూడు మైక్రాన్లే. ముక్కును దాటి ఊపిరితిత్తుల లోతుకు పోతాయి.

పల్నాడులో ఇంకో చిక్కు. ఇక్కడ ఎవరు దగ్గినా నేరం మిరపకాయదే. కల్లంలో తాలుకాయలు ఏరే ఆడవాళ్లు తుమ్మితే ‘ఘాటమ్మా’ అనేస్తాం. నిజమే, ఘాటు తక్కువదేమీ కాదు. కానీ కల్లం దాటి వస్తే అది కాసేపటికి తగ్గాలి. ఇంటికొచ్చి పడుకున్నాక ఛాతీలో పిల్లికూతలు మొదలైతే, అదీ అకాల వానకు తడిసి బూజెక్కిన కాయ ఏరిన రోజునే ఎక్కువైతే, ఒక్క ఘాటునే అనుమానించడం అన్యాయం. ఆ కాయను కదిపినప్పుడల్లా సిద్ధబీజాలు లేస్తాయి.

ఆరుబయట పంట చేలమీద, ఎండుటాకుల మీద పెరిగే ఆల్టర్నేరియా అనే బూజు సిద్ధబీజాలు లేవడానికి వానతో పనిలేదు, పొడిగాలి చాలు. దాన్నీ తేలిగ్గా తీసుకోలేం. ఉబ్బసంతో ఊపిరి ఆగేదాకా వెళ్లిన 11 మంది పిల్లలు, యువకులను అమెరికా వైద్యులు పరీక్షిస్తే 10 మందికి ఆల్టర్నేరియా పడదని తేలింది. 1991లో అచ్చయిన సంగతి ఇది.

మృగశిర కార్తెకు చేపమందు కోసం హైదరాబాదు దాకా పోయే ఓపిక మనకుంది. గోడమీది మచ్చ దాకా మాత్రం చెయ్యి పోదు. కప్పు సందులు పూడ్పించండి. తడిసినదాన్ని ఒకటి రెండు రోజుల్లో ఆరబెట్టండి. మచ్చను చీపురుతో దులిపితే గదంతా సిద్ధబీజాలే; పిల్లల్ని బయటికి పంపి తడిగుడ్డతో తుడవండి. డాక్టరు రాసిన ఇన్‌హేలరును ‘అలవాటైపోతుంది’ అని మానిపించకండి.

ఇక మిరప రైతులకో మాట. చీర కొంగు సిద్ధబీజాలను ఆపలేదు. కూలి రేటు మాట్లాడుకునే రోజునే మంచి మాస్కుల సంగతీ తేల్చి, మీరే కొనివ్వండి.