బిల్లు ఉన్న ఇన్సులిన్, బిల్లు లేని బీజీ-3

పోస్టు కొంచెం పెద్దది. పనులన్నీ అయినాక తీరిగ్గా చదవండి.

విత్తనాల సీజన్ దగ్గర పడితే చాలు, ఫోన్లో రెండు రకాల మెసేజులు తిరుగుతాయి. ఒకటేమో జన్యుమార్పిడి అంటేనే విషం, వేసినా తిన్నా నాశనమే అని. ఇంకోటి, బీజీ-3 దిగింది, గడ్డిమందు కొట్టినా పత్తి చావదు, ఫోన్ చేస్తే ఇంటికే తెచ్చిస్తాం అని. మా గ్రూపులో ఈ రెండూ ఒకే ఆయన ఒకే రోజు ఫార్వర్డ్ చేశాడు. ఆయన్ని ఏమీ అనట్లేదు, మనందరి సంగతీ అంతే. ఒక చెవిలో భయం, ఇంకో చెవిలో ఆశ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. జన్యుమార్పిడి మంచిదా చెడ్డదా అన్నది మన కొట్లాట కాదు. అది ఎవరు చేశారు, ఏ లెక్క మీద అమ్ముతున్నారు, దెబ్బతింటే ఎవరి గల్లా పట్టుకోవాలి? మనం అడగాల్సినవి ఇవి.

ముందు మందుల సంగతి చూద్దాం. మన ఊళ్ళల్లో షుగరుకు ఇన్సులిన్ సూది వేసుకునేవాళ్ళు వీధికొకరు ఉన్నారు. వెనకట ఆ మందును పందుల, పశువుల క్లోమం నుంచి తీసేవాళ్ళు. 1978లో అమెరికాలో శాస్త్రవేత్తలు మనిషి ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే జన్యువును ఒక సూక్ష్మజీవిలోకి ఎక్కించారు. చారెడు తోడు వేస్తే కుండెడు పాలు పెరుగైనట్టు, ఆ సూక్ష్మజీవి ట్యాంకుల్లో పెరుగుతూ ఇన్సులిన్ చేసి పెడుతుంది. 1982లో దానికి అక్కడి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఇప్పుడు మెడికల్ షాపు ఫ్రిజ్‌లో ఉండే సీసాలు దాదాపు అన్నీ ఈ పద్ధతిలో చేసినవే.

మన హైదరాబాద్ సంగతే చూడండి. హెపటైటిస్-బి టీకా బయటి దేశాల నుంచి వచ్చే రోజుల్లో డోసు వందల రూపాయలు ఉండేది. బీదవాళ్ళు వేయించుకునే మాటే లేదు. వరప్రసాద్ రెడ్డి గారు పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఆ టీకాను ఇక్కడే తయారుచేసి యాభై రూపాయల దరిదాపుల్లోకి తెచ్చింది. అదీ జన్యు పద్ధతే. వైరస్ పైపొరను తయారుచేసే జన్యువు ఒక్కటే తీసి ఈస్టులో పెట్టారు. ఈరోజు మన పిల్లలకు ఏఎన్ఎం వేసే ఐదు రోగాల టీకాలో హెపటైటిస్-బి కూడా ఉంది. జన్యుమార్పిడి వద్దని స్టేటస్ పెట్టే తమ్ముడు తన బిడ్డకు ఆ టీకా వేయించాడు. మంచి పనే చేశాడు.

మరి ఆ సీసాను ఎందుకు నమ్ముతున్నాం? దాని మీద బ్యాచ్ నంబరు ఉంటుంది, తయారుచేసిన తేదీ, గడువు తేదీ ఉంటాయి. డాక్టరు చీటీ ఉంటుంది, షాపువాడు బిల్లు ఇస్తాడు. తేడా వస్తే ఆ నంబరు పట్టుకుని తయారుచేసినవాడి దాకా పోవచ్చు. వ్యవస్థలో లోపాలు లేవని కాదు, కానీ పట్టుకోవడానికి ఒక దారం ఉంది.

ఇప్పుడు పత్తికి వద్దాం.

1997-98లో వరంగల్ చుట్టుపక్కల ఏం జరిగిందో నలభై దాటినవాళ్ళకు గుర్తుంటుంది. పురుగు మీద ఏ మందూ పనిచేయలేదు. డబ్బా మీద డబ్బా కొట్టి, అప్పు మీద అప్పు చేసి, చివరికి ఆ మందే తాగినోళ్ళు ఉన్నారు. అలాంటి సమయంలో, 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. బీటీ అంటే నేలలో ఉండే బాసిల్లస్ తురింజెన్సిస్ అనే సూక్ష్మజీవి. దానిలో ఉన్న ఒక ప్రోటీన్ కాయతొలిచే పురుగు పేగులోకి పోతే పురుగు చస్తుంది. మన కడుపులో అది పనిచేయదు, పురుగు పేగు వేరు, మన పేగు వేరు. ఆ జన్యువును పత్తి మొక్కలో పెట్టారు. పచ్చపురుగు మీద అది బాగా పనిచేసింది. మొదటి ఏళ్ళలో పురుగుమందు డబ్బాలు తగ్గిన మాట నిజం. ఎంత కోపం ఉన్నా ఈ మాట కాదనలేం.

అయితే జన్యువు వేరు, విత్తనం వేరు. మంచి ఎద్దును విరిగిన బండికి కడితే ఏం లాభం? మొదట వచ్చిన మూడు మెక్ హైబ్రిడ్లు మన నేలల్లో దెబ్బతిన్నాయి. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో వాటిని ఆపేశారు. లోపం బండిది, తిట్లు మాత్రం ఎద్దుకు. ధర సంగతి సరేసరి. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 దాటింది, అందులో ఎక్కువ భాగం జన్యువుకు కట్టే ఫీజే. 2006లో అప్పటి మన రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాల కమిషన్‌కు పోయి కొట్లాడితే 750కి దిగింది. అడిగితే దిగుతుందని అప్పుడే తేలింది. తర్వాత ధరను కేంద్రమే నిర్ణయించడం మొదలుపెట్టింది. 2025లో బీజీ-2 ప్యాకెట్ 475 గ్రాములు 901 రూపాయలు.

అసలు దెబ్బ గులాబీ రంగు పురుగు దగ్గర పడింది. ఇది కొంచెం నిదానంగా చదవండి, మనకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

పచ్చపురుగు పత్తి ఒక్కటే తినదు. కంది, శనగ, టమాటా, దొరికింది తింటుంది. వాటిలో బీటీ లేదు కాబట్టి అక్కడ బతికిన పురుగులు, బీటీని తట్టుకున్న పురుగులతో కలుస్తాయి. దాంతో మొండిజాతి పెరగదు. గులాబీ పురుగు అలా కాదు, దానికి పత్తే లోకం. బీటీ లేని పత్తి ఎక్కడా లేకపోతే, తట్టుకున్నవి తట్టుకున్న వాటితోనే కలుస్తాయి. అందుకే ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల బీటీ లేని విత్తనం విడిగా ఇచ్చేవాళ్ళు, చేను చుట్టూ వేయమని. మనం ఏం చేశాం? పారేశాం, లేదంటే గట్టు మీద పెట్టి మర్చిపోయాం. ఎందుకు వేయాలో తెలుగులో నాలుగు ముక్కలు చెప్పినవాడు లేడు. కొన్ని ప్యాకెట్లలో దాని బదులు కంది గింజలు పెట్టారు. కందిని పచ్చపురుగు తింటుంది, గులాబీ పురుగు తినదు. మరి గులాబీ పురుగుకు ఆ కంది ఏం ఆశ్రయం? ఇప్పుడు ఆ విత్తనాన్ని ప్యాకెట్‌లోనే కలిపి ఇస్తున్నారు. దొంగలు పోయినాక ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టుంది.

ఇంకో సంగతి ఉంది. మన దగ్గర బీటీ అంతా హైబ్రిడే. హైబ్రిడ్ మొక్కకు కాసిన కాయలో అన్ని గింజల్లోనూ బీటీ సమానంగా ఉండదు. కొన్నిట్లో రెండు జన్యువులు, కొన్నిట్లో ఒకటే, కొన్నిట్లో ఏదీ ఉండదు. కాయ లోపల పురుగు వాటి మధ్యలో తిరుగుతూ కొంచెం కొంచెం విషానికి అలవాటు పడుతుంది. డాక్టరు ఐదు రోజులు మింగమన్న యాంటీబయాటిక్ రెండు రోజులే మింగి ఆపేస్తే రోగం మొండికేసినట్టు. 2009లో గుజరాత్‌లో మొదటి బీటీకి, 2014-15కల్లా బీజీ-2కి గులాబీ పురుగు తట్టుకుంది. 2017లో విదర్భ అంతా కాయ పుచ్చింది. ఆ ఏడే యవత్మాల్‌లో మందు కొడుతూ విషం ఎక్కి ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు.

ఇదే పురుగు, ఇదే బీటీ, అమెరికాలో ఏమైందో చూడండి. అక్కడ బీటీ పత్తి వేశారు, బీటీ లేని పత్తి పక్కన వేశారు, కట్టె దున్నేశారు, ఆ తర్వాత సంతానం కలగకుండా చేసిన రెక్కల పురుగులను విమానాల నుంచి కోట్ల కొద్దీ వదిలారు. 2018లో తమ పత్తి పొలాల్లో గులాబీ పురుగు లేకుండా పోయిందని ప్రకటించారు. ఒకే జన్యువు అక్కడ పురుగు వంశం నిలిపేసింది, ఇక్కడ పురుగుకు అలవాటైపోయింది. మరి తప్పు జన్యువుదంటే నేనెట్లా ఒప్పుకుంటా?

కాబట్టి మన చేతిలో ఉన్నది చేద్దాం. ఫిబ్రవరి, మార్చి దాకా ఇంకో ఏరుడు వస్తదని చేను ఉంచొద్దు, పత్తి కట్టెను గట్టు మీద కుప్ప పెట్టొద్దు, అందులోనే పురుగు నిద్రపోతుంది. ఎకరానికి నాలుగు లింగాకర్షక బుట్టలు పెట్టి చూడండి. ఒక బుట్టలో రాత్రికి ఎనిమిది చొప్పున వరసగా మూడు రాత్రులు పడితే అప్పుడు మందు సంగతి ఆలోచించాలి. గుడ్డి పూలు కనబడితే తెంపి కాల్చేయండి. ఇవి ఒక్కడు చేస్తే లాభం లేదు, ఊరంతా చేయాలి.

ఇప్పుడు బీజీ-3. ముందొకటి తెలుసుకోండి, బీజీ-3 పేరుతో మన దేశంలో అనుమతి ఉన్న విత్తనమే లేదు. ఆ పేరుతో అమ్మేది గడ్డిమందు తట్టుకునే పత్తి. గ్లైఫోసేట్ కొడితే గడ్డి చస్తుంది, పత్తి నిలుస్తుంది. వేసేవాళ్ళను నేను తిట్టను. కలుపు తీయడానికి కూలీలు దొరకరు, దొరికినా ఆ కూలి కట్టి పత్తిలో మిగిలేది ఏముంది? ముసురు పట్టి వారం రోజులు చేలోకి పోలేని ఏడాది గడ్డి మోకాళ్ళ దాకా వస్తే, ఎవరికైనా ఆ ప్యాకెట్ మీద మనసు పోతుంది.

కానీ ఆ ప్యాకెట్ చూడండి. తెల్ల కవరు, లేదా ఏదో దేవుడి బొమ్మ. కంపెనీ పేరు ఉండదు, లాట్ నంబరు ఉండదు, మొలక శాతం ఉండదు. ఇచ్చినవాడు బిల్లు ఇవ్వడు, రాత్రి పూట మోటార్ సైకిల్ మీద వచ్చి పోతాడు. మొలవకపోతే ఆఫీసులో ముందు అడిగేది బిల్లు. మాకు తెలిసిన ఒక కుటుంబానికి నాలుగు ఎకరాల్లో సగం మొలవలేదు, ఉన్న సగం గడ్డిమందు కొట్టిన వారానికి మాడిపోయింది. ఎవరి మీద కేసు పెట్టాలి? విత్తనం కొన్నందుకు తమ మీదే కేసు పడుతుందేమోనని నోరు మూసుకున్నారు. ఆ లూజు విత్తనంలో పురుగును చంపే బీటీ ఎంత ఉందో, అసలు ఉందో లేదో కూడా ఎవరికీ తెలియదు. పక్క చేను మామూలు పత్తి అయితే మీ మందు తుంపరకు అది మాడుతుంది, ఆ కొట్లాట వేరే. ఒకే గడ్డిమందు మళ్ళీ మళ్ళీ కొట్టిన చోట అమెరికాలో తోటకూర జాతి కలుపు ఒకటి మొండికేసి, మందుకు చావకుండా మనిషి ఎత్తు పెరుగుతోంది. పురుగు నేర్చుకున్న పాఠం గడ్డి నేర్చుకోదా?

ప్రభుత్వానికి ఒకటే మాట. ఆ విత్తనం పనికొచ్చేదైతే పరీక్షలు పూర్తిచేసి, ఫలితాలు తెలుగులో బయటపెట్టి, బిల్లుతో అమ్మించండి. పనికిరానిదైతే తయారుచేసే చోట ఆపండి. ఏటా ఊళ్ళో కిరాణా కొట్టు మీద దాడి చేసి నాలుగు బస్తాలు ఫోటోలు తీస్తే, తయారుచేసిన పెద్దవాడు ఎప్పుడూ ఆ ఫోటోలో ఉండడు.

ఇంకో మాట, విత్తనం దాచుకునే హక్కు గురించి. బంగ్లాదేశ్‌లో బీటీ వంకాయ 2014 నుంచి సాగవుతోంది. మన దగ్గర 2010లో ఆపేశారు. అది సరైందా కాదా అన్నది పక్కన పెట్టండి. అక్కడ ఆ జన్యువును ప్రభుత్వ పరిశోధన సంస్థ రకాల్లో పెట్టారు, రైతు గింజ తీసి మళ్ళీ వేసుకోవచ్చు. మనకు పత్తిలో ఆ అవకాశమే లేకపోయింది. 2008లో ప్రభుత్వ సంస్థలు బికనేరి నర్మా అనే సూటి రకంలో బీటీ తెచ్చాయి. అందులో ఉన్నది ప్రైవేటు కంపెనీ జన్యువేనన్న గొడవ వచ్చి ఏడాదికే ఆపేశారు. అప్పటి నుంచి ప్రతి సీజన్‌కూ షాపు మెట్లెక్కుతూనే ఉన్నాం.

అందుకే వరిలో వస్తున్నదాని మీద నాకు ఆసక్తి. మన 5204, బాపట్లలో పుట్టిన సాంబమసూరి, దానిలో రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వాళ్ళు చిన్న సవరణ చేసి డీఆర్ఆర్ ధాన్ 100, కమలా అని పేరు పెట్టారు. 2025 మేలో ప్రకటించారు. మార్టేరు 1010లో ఢిల్లీ సంస్థవాళ్ళు చౌడు తట్టుకునేలా ఇంకోటి చేశారు. ఇది బీటీ లాంటిది కాదు. బయటి జీవి జన్యువు తెచ్చి పెట్టలేదు, వరిలో ఉన్న జన్యువులోనే ఒక ముక్క మార్చారు. సాంబ కంటే ఇరవై రోజులు ముందు కోతకు వస్తుందని, దిగుబడి పెరుగుతుందని చెప్తున్నారు. ఇరవై రోజులంటే కొన్ని తడులు మిగిలినట్టే, యాసంగి ముందు పడినట్టే. ఆ అంకెల మీద అభ్యంతరాలు పెట్టినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళనూ వినాలి, దేశద్రోహులని తిట్టడం కాదు.

నేను అడగాలనుకున్నవి రాసి పెట్టుకున్నా. ఆ కత్తిరించే పనిముట్టు మీద పేటెంట్ విదేశాల్లో ఉంది కదా, రేపు ఎవరైనా వచ్చి ఫీజు కట్టమంటే ఎవరు కడతారు? గింజ దాచుకుని మళ్ళీ వేసుకోవచ్చా, పక్కోడికి ఇవ్వొచ్చా? మిల్లువాడు దీన్ని సాంబగా కొంటాడా, వేరే రకమని ధర కోస్తాడా? అన్నం రుచి అదేనా? మూడో ప్రశ్న నవ్వులాట అనుకోకండి, మార్కెట్లో మనల్ని ముంచేది అదే.

ఈసారి రాజేంద్రనగర్ రైతు మేళాకు పోదామనుకుంటున్నా. వచ్చేవాళ్ళు కామెంట్‌లో పేరు పెట్టండి, ఒక బండి మాట్లాడుకుందాం. కమలా విత్తనం బిల్లుతో దొరికితే పది గుంటల్లో వేస్తా, పక్కనే పది గుంటల్లో మామూలు 5204 వేస్తా. నాటిన తేదీ, ఎరువు, తడులు, కోత, తూకం అన్నీ ఇక్కడే రాస్తా. కోత రోజు వచ్చి చూసేవాళ్ళు రావచ్చు, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.