చర్చి గోడకు వచ్చిన అతిథి

దేవుని మందిరమున బొమ్మకు చోటుండవచ్చునా యను వివాదము క్రైస్తవ లోకమున చాల పాతది. ఎనిమిదవ శతాబ్దమున బైజాంటియము చక్రవర్తులు ప్రతిమలను తొలగింపజేసిరి. పదునారవ శతాబ్దమున యూరోపులోని మత సంస్కర్తలు చిత్రములున్న గోడలకు సున్నము కొట్టించిరి. ఆ సున్నపు గోడల వారసులే నేడు చిత్రకారులను పిలిచి, మా గోడ ఖాళీగా నున్నది, మీ బొమ్మలు తెండని యడుగుచున్నారు. ఆనాటి సంస్కర్తలు ఈ మాట విన్నచో నవ్వుదురో, కోపింతురో.

అమెరికాలోను ఇంగ్లండులోను పెక్కు సంఘములు తమ సమావేశపు హాలు గోడలను ఆ యూరి చిత్రకారులకు వంతులవారీగా విడిచి యిచ్చుచున్నవి. నెలకొకరు, లేదా రెండు నెలలకొకరు. ఆదివారపు ఆరాధన ముగిసి జనము కాఫీ త్రాగుచు నిలిచియుండగా, ఎదుట ఒక బడిపంతులు వేసిన నీటిరంగుల చిత్రములో, ఒక గృహిణి తీసిన ఛాయాచిత్రములో కనబడును. గడువు తీరగానే అవి దిగును, మరియొకరివి ఎక్కును. గోడకు మేకులు కొట్టక, పైన ఒక పట్టె బిగించి దానినుండి తీగలు దించుదురు. కిటికీ ఎండ నేరుగా తగులు చోట నీటిరంగుల కాగితముంచరు, రంగు వెలియును గనుక. అమ్ముడుపోయిన చిత్రపు వెలలో కొంత సంఘపు ధర్మకార్యములకిచ్చు ఆచారము పలుచోట్ల గలదు. ఏర్పాటు ఇంతే. కాని యేది వ్రేలాడదీయవచ్చునో, ఏది కూడదో ఎవరు నిర్ణయింతురు? చిక్కంతయు ఇచట నున్నది.

సాధారణముగా నలుగురైదుగురు పెద్దలతో ఒక ఉపసంఘము ఏర్పడును. వారు మంచివారే. ఎవరి మనస్సును నొప్పింపరాదనునదే వారి తలంపు. తత్ఫలితముగా ఈ నెల కలువపూలు, వచ్చు నెల కొండలు, ఆపై నెల సూర్యాస్తమయము. క్యాలెండరులో కాగితము మారినట్లు గోడపై బొమ్మ మారును, చూచువాడు కాఫీ కప్పునుండి తల యెత్తడు. ఇట్టిదానిని ప్రదర్శన యనుటకంటె ఉచితముగా లభించిన గోడ అలంకారమనుట న్యాయము. వచ్చిన అతిథి తన మాట తాను చెప్పుకొనుటకు వీలు లేనిచో, పిలిచిన వారికి దక్కునది మర్యాద మాత్రమే.

ఈ విషయమున న్యూయార్కు నగరమునందలి జడ్సన్ స్మారక చర్చి చరిత్ర చదువదగినది. వాషింగ్టన్ స్క్వేరు దక్షిణపు వైపున నున్న ఆ మందిరమునకు రూపకల్పన చేసినవాడు స్టాన్‌ఫర్డ్ వైట్, రంగుటద్దముల కిటికీలను సమకూర్చినవాడు జాన్ లా ఫార్జ్. బర్మాలో మతప్రచారము చేసిన బాప్టిస్టు మిషనరీ అడోనిరామ్ జడ్సన్ పేర అతని కుమారుడు ఎడ్వర్డ్ దానిని కట్టించెను. తెలుగు పాఠకునకు ఈ శాఖ పరాయిది కాదు; 1840లో నెల్లూరున పని నారంభించిన మిషను ఆ అమెరికన్ బాప్టిస్టులదే.

1956లో హవర్డ్ మూడీ అచట కాపరిగా వచ్చునప్పటికి, చుట్టునున్న గ్రీనిచ్ విలేజి పేట చిత్రకారులతోను కవులతోను నిండియుండెను. పేరు లేని యువకుల పనిని పెద్ద గేలరీలు లోనికి రానీయవు. చర్చివారు తమ నేలమాళిగలో ఒక గదిని వారికి విడిచిరి. క్లేస్ ఓల్డెన్‌బర్గ్ 1959లో తన తొలి ఏకవ్యక్తి ప్రదర్శన పెట్టినది అచటనే. జిమ్ డైన్, టామ్ వెసెల్‌మన్ మొదలగువారును ఆ గదిలో తమ పని చూపినవారే. 1960 ఆరంభమున ఓల్డెన్‌బర్గ్ అట్టముక్కలు, గోనెపట్టా, పాత వార్తాపత్రికలు కూర్చి ఒక వీధినే నిర్మించెను. అందులో బైబిలు కథ లేదు. నగరపు బీదపేటల మురికి, అచటి జనము మాత్రము గలరు. ఆ వీధులలోనే నడచి ఆరాధనకు వచ్చువారికి దానిని చూపుట చర్చి చేయదగని పని యని ఎవరనగలరు? 1961లో ఆ చర్చిలోనే మొదలైన కవుల నాటకశాలకు రెండు నియమములు మాత్రమే యుండెను: మతబోధ నాటకములు వేయరాదు, అంగీకరించిన నాటకమును కత్తిరింపరాదు. ఏ యుపసంఘమైనను తన గది తలుపుపై వ్రాసికొనదగిన నియమములివి.

అసలు పరీక్ష 1970లో వచ్చెను. వియత్నాం యుద్ధమును నిరసించుచు జాతీయపతాకను వాడి చేసిన శిల్పములను ప్రదర్శించినందుకు స్టీఫెన్ రాడిచ్ అను గేలరీ యజమానిని న్యూయార్కు న్యాయస్థానము 1967లో శిక్షించియుండెను. ఆ చట్టమునకు ప్రతిగా కొందరు కళాకారులు, జెండాను వస్తువుగా గొని ఎవరేమి చేసినను తీసికొని రావచ్చునని అందరిని పిలిచిరి. ఆ ప్రదర్శనకు హాలు నిచ్చినది జడ్సన్ చర్చి. నవంబరులో ప్రదర్శన తెరచిన వారములోనే పోలీసులు వచ్చి ఫెయిత్ రింగోల్డ్, జాన్ హెండ్రిక్స్, జీన్ టోష్ అను ముగ్గురిని నిర్బంధించిరి. మరుసటి యేడు ఒక్కొక్కరికి నూరు డాలర్ల జుల్మానా పడెను.

ఇచట ఒక ఆక్షేపణ గలదు. దానిని తేలికగా త్రోసివేయుట తగదు. గేలరీకి పోవువాడు తెలిసి పోవును. చర్చికి వచ్చువాడు ప్రార్థనకై వచ్చును. యుద్ధమున కొడుకును పోగొట్టుకొని, శవపేటికపై కప్పిన జెండాను మడిచి యింట దాచుకొనిన తల్లి ఆ హాలులో అడుగిడినచో ఆమె గుండె ఏమగును? ఆమెది అజ్ఞానమనుట అహంకారము. కాని ఆమెకు నొప్పి కలుగునని చిత్రకారుని వెళ్ళగొట్టినచో, అదే యుద్ధమున మరియొక విధముగా గాయపడినవానికి ఆ గోడ మూసికొనిపోవును. ఇరువురును ఆ సంఘపు చుట్టుపట్ల వారే.

బొమ్మలను వంతులుగా మార్చుటలోని మేలు ఇచట తెలియును. శాశ్వతముగా నిలిపినదానితో జీవితాంతము కాపురము చేయవలెను. ఇంగ్లండులోని నార్తాంప్టన్ సెయింట్ మాథ్యూ చర్చిలో 1944లో హెన్రీ మూర్ చెక్కిన తల్లీబిడ్డల శిల్పమును ప్రతిష్ఠించినప్పుడు ఊరిలో చాల నిరసన చెలరేగెను. నచ్చనివారికి వేరు గతి లేదు, అలవాటు పడవలసినదే. వంతుల బొమ్మ యట్లు కాదు. దానికి గడువున్నది. నొచ్చుకొన్న తల్లి వచ్చు నెల తన కొడుకు ఛాయాచిత్రములను అదే గోడకు వ్రేలాడదీయవచ్చును, అడుగు హక్కు ఆమెకును గలదు. అయితే బొమ్మలను ఆరాధన జరుగు చోట గాక ప్రక్క హాలులో నుంచుట, లోనేమున్నదో ద్వారము వద్దనే వ్రాసి పెట్టుట, మొదటి ఆదివారము చిత్రకారుడు తన బొమ్మ చెంత నిలిచి అడిగినవారికి బదులు చెప్పుట తప్పనిసరి. మాటాడక పోయిన అతిథిని గూర్చి వెనుక నిందలే మిగులును.

తెలుగునాట చర్చి కళ యనగానే మెదకు మహాదేవాలయపు గాజు కిటికీలు స్ఫురించును. వాటిని మార్చుమని ఎవరు కోరుదురు? లూథరన్ కాపరియు చిత్రకారుడును అయిన పి. సాలమన్ రాజు బాటిక్ వస్త్రములపైనను కొయ్యచెక్కడములలోను క్రీస్తును ఈ నేల మనిషిగా చూపెను. కాని నిత్యము మారు గోడ వేరు సంగతి. పట్టణములలో చర్చి ప్రక్కనున్న హాళ్ళు పెండ్లి విందుల నాడు తప్ప తక్కిన దినములలో తాళము వేసియుండును. పెడన కలంకారి అద్దకపు పనివాడు, కాళహస్తిలో కలము పట్టినవాడు, ఊరి బడిలో డ్రాయింగు మాస్టరు, సినిమా బోర్డులు వ్రాసి ఇప్పుడు పని లేక కూర్చున్న పెయింటరు, వీరిలో ఎవరికిని తమ పనిని పదిమంది చూచు గోడ యొకటి దొరకుట సులభము కాదు. ఉపసంఘమున ఒక చిత్రకారుడైన నుండవలెను, అతడేమతము వాడైనను సరే. మొదటి నెల గోడను ఆ పెయింటరుకే యిచ్చి, ఏమి వేయవలెనో అతనికి చెప్పకుండ నుండగలరేమో సంఘపెద్దలు చూడవచ్చును.