పిల్లవాణ్ణి బి టీములో వేశారు!

ప్రశ్న: మా అబ్బాయికి 12 ఏళ్ళు. ఇబ్రహీంపట్నం నుంచి సాగర్ రోడ్డు మీదుగా హైదరాబాద్ తీసుకువెళ్ళి రెండేళ్ళుగా ఫుట్‌బాల్ నేర్పిస్తున్నాను. ఈ ఏడు ఆ ఈడు పిల్లలను ఎ, బి అని రెండు టీములు చేసి మావాణ్ణి బి లో వేశారు. బంతి మీద పట్టు ఉందిగాని ఒళ్ళు చాలదన్నారు. ఇంకో క్లబ్బువారు ఎ టీములో తీసుకుంటామంటున్నారు. అక్కడి ఆట వేరు. వెనకనుంచి బంతిని ఎత్తి కొడతారు, ముందున్న పొడుగాటి కుర్రాడు పరుగెత్తి గోలు చేస్తాడు. గెలుస్తున్నారు కూడా. మా క్లబ్బులో దగ్గర దగ్గర పాసులతో ఆడిస్తారు, తరచు ఓడిపోతారు. నెల రోజులుగా వాడికి మోకాలి చిప్ప కింద నొప్పి. మ్యాచి రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు. క్లబ్బు మార్చమంటారా? ఎత్తు పెరగడానికి టానిక్కు ఏదైనా ఉందా?
– ఒక తండ్రి, ఇబ్రహీంపట్నం

జవాబు: మీరు అడిగినవి రెండు: క్లబ్బు, టానిక్కు. అడగకుండా రాసినవి రెండు: మోకాలి నొప్పి, కడుపునొప్పి. చాలావరకు వీటికి మూలం ఒకటే కాబట్టి అక్కణ్ణుంచి మొదలుపెడతాను.

పిల్లలకు రెండు వయసులుంటాయి. ఒకటి పుట్టిన తేదీని బట్టి లెక్కపెట్టేది, రెండోది ఒంటి వయసు. మగపిల్లలు సాధారణంగా 13, 14 ఏళ్ళ ప్రాంతంలో ఒక్క ఊపున ఎదుగుతారు. ఆ ఏడాదిలో 9, 10 సెంటీమీటర్లు పెరగడం మామూలే. ఆడపిల్లలకు ఇది సుమారు రెండేళ్ళు ముందే వస్తుంది. అయితే ఈ ఊపు కొందరికి తొందరగాను, కొందరికి ఆలస్యంగాను వస్తుంది. ఒకే రోజు పుట్టిన ఇద్దరు 12 ఏళ్ళ కుర్రాళ్ళలో ఒకడి ఎముకలు 14 ఏళ్ళవి, రెండోవాడివి 10 ఏళ్ళవి కావచ్చు. ఇద్దరూ ఆరోగ్యవంతులే. ‘ఒళ్ళు చాలదు’ అంటే ఇంకా ఎదగలేదని అర్థం, ఆట రాదని కాదు. మీరు, మీ ఇంటావిడ ఏ క్లాసులో ఉండగా పొడుగయ్యారో గుర్తుచేసుకోండి. ఆలస్యంగా ఎదగడం చాలా ఇళ్ళలో తల్లిదండ్రుల నుంచే వస్తుంది. అలాంటి పిల్లలు చాలామంది ఆ తర్వాత తోటివాళ్ళను అందుకుంటారు.

పుట్టిన నెలకూ ఇందులో పాత్ర ఉంది. జనవరి 1ని హద్దుగా పెట్టి జట్లు కడితే, జనవరిలో పుట్టినవాడు డిసెంబరులో పుట్టినవాడికంటే దాదాపు ఏడాది పెద్ద. అనేక దేశాల్లో పిల్లల జట్లను పరిశీలిస్తే, ఎంపికైనవాళ్ళలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్ళే ఎక్కువగా కనబడ్డారు. ప్రతిభ నెల చూసి పుట్టదు గదా! ఇంగ్లండులో కొన్ని క్లబ్బులవారు 2015 ప్రాంతం నుంచి, పుట్టిన తేదీ బదులు ఒంటి ఎదుగుదలను బట్టి జట్లు కట్టి ఆడించి చూశారు. మన వైపు ఇంకో చిక్కు, వయసు తగ్గించి రాయించిన సర్టిఫికెట్లు. పెద్దవాణ్ణి చిన్నవాళ్ళలో దింపితే ఎదుటి పిల్లల ఎముకలకు అది అపాయం. ఆ పని ఎవరూ చేయకూడదు.

ఇక ఆటతీరు. ఈ పాఠం కోసం విదేశాలకు పోనక్కరలేదు. హైదరాబాద్‌లో స్కూలు టీచరుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన కుర్రవాళ్ళకు పెట్టిన పోటీలు విచిత్రంగా ఉండేవి. ఒకదానిలో బంతిని దగ్గర పెట్టుకుని పరుగెత్తకూడదు, వెంటనే పక్కవాడికి అందించాలి. ఇంకోదానిలో అలవాటు లేని కాలితోనే కొట్టాలి. పొట్టివాళ్ళకు విడిగా ఒక పోటీ. ఒంటి బలంతో నెట్టుకువచ్చే దారి మూసేస్తే తెలివి, కాలి నేర్పు బయటపడతాయన్నమాట.

ఎత్తి కొట్టే ఆట తప్పని నేననను. అదీ ఆటలో భాగమే. కాని 12 ఏళ్ళ పిల్లల్లో ఆ గెలుపు ఎవడో ఒకడు తొందరగా ఎదిగినందువల్ల వచ్చినది. మిగతావాళ్ళు బంతి తమ తలల మీదుగా పోతుంటే చూస్తుంటారు. రెండు మూడేళ్ళలో అందరూ పొడుగవుతారు. అప్పుడు ఆ పొడుగాటి కుర్రాడికి పరుగు తప్ప వేరే విద్య ఉండదు, పాపం అతనికీ నష్టమే. పైగా అలాంటి ఆటలో బంతిని తలతో కొట్టడం ఎక్కువ. ఎదిగే మెదడుకు ఇది మంచిది కాదనే, 10 ఏళ్ళు, అంతకు లోపు పిల్లలు తలతో కొట్టకూడదని అమెరికా ఫుట్‌బాల్ సంఘం 2015లో నియమం పెట్టింది. ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలకు ప్రాక్టీసులో ఇది వద్దని ఇంగ్లండువారు 2020లో చెప్పారు.

ఆడే చోటు గురించి కూడా బెంగపడకండి. హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్ సైన్యంలో చేరిన కొత్తలో సెంటర్ ఫార్వర్డ్. గోలీగా మారింది ఆ తర్వాతే. 1956, 1960 ఒలింపిక్స్‌కు గోలీగానే వెళ్ళాడు. 12 ఏళ్ళవాడిపై ‘బ్యాకు’ అనో ‘ఫార్వర్డు’ అనో ముద్ర వేయడం తొందరపాటు. అన్నిచోట్లా ఆడనివ్వాలి.

అంచేత నా సలహా, ఈ ఏడాది క్లబ్బు మార్చకండి. ఒక ఆదివారం గట్టున నిలబడి మూడు విషయాలు చూడండి. మీవాడు ఎన్ని నిమిషాలు ఆడాడు? బంతి అతని కాలికి ఎన్నిసార్లు వచ్చింది? తప్పు చేసినప్పుడు కోచ్ నేర్పాడా, తిట్టాడా? ఈ మూడూ బాగుంటే బి టీమే మంచిది. ఎ టీములో బెంచీ మీద కూర్చోవడంకంటే బి టీములో నిండు మ్యాచి ఆడటం మేలు. బాగా లేకపోతే మారండి, అంతేగాని అక్షరం కోసం మారవద్దు.

మోకాలి సంగతి. ఎదిగే వయసులో తొడ కండరం చిప్ప కిందుగా కాలి ఎముకను పట్టి లాగుతుంది. అక్కడ కాస్త బొడిపె లేచి, నొక్కితే నొప్పి పెడుతుంది. 1903లో దీన్ని విడివిడిగా వివరించిన ఇద్దరు డాక్టర్ల పేరుమీద ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు. మీవాడిది ఇదే కావచ్చు, కాని చూడకుండా తేల్చరాదు. ఇదే అయితే భయం లేదు, ఎదుగుదల పూర్తయ్యేసరికి సాధారణంగా తగ్గుతుంది. గెంతులు, పరుగులు తగ్గించి, ఆడాక గుడ్డలో చుట్టిన ఐసుముక్క 15 నిమిషాలు పెట్టండి. ఆట, ప్రాక్టీసు కలిపి వారానికి 12 గంటలు దాటనీయకండి. వారానికి ఒకటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి ఉండాలి. కుంటుతున్నా, రాత్రి నొప్పితో లేస్తున్నా, వాపు, జ్వరం ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. తుంటిలో జబ్బుంటే కూడా నొప్పి మోకాలిలో తెలుస్తుంది. కాబట్టి కుంటే పిల్లవాడికి తుంటిని కూడా పరీక్ష చేయించాలి.

ఎత్తు పెంచే టానిక్కు లేదు. బజారులో దొరికే పొడులకు డబ్బు పోయకండి. బలం ఇంజెక్షన్ల జోలికి అసలే పోకండి, కొన్నిటివల్ల ఎముకల ఎదుగుదల ముందే ఆగిపోతుంది. గుడ్డు, పప్పు, పాలు, ఆకుకూర, పల్లీపట్టి, రోజూ 9 గంటల నిద్ర, ఇవే టానిక్కులు. ఆటలో తొందరగా ఆయాసపడుతుంటే రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అన్నట్టే. బద్ధకస్తుడని పేరు పడ్డ పిల్లలు కొందరు నిజానికి రక్తం తక్కువైనవాళ్ళే.

చివరగా కడుపునొప్పి. ముందు నులిపురుగులు, మలబద్ధకం వంటివి లేవని చూపించుకోండి. అవేవీ లేక మ్యాచి పొద్దున మాత్రమే వచ్చి, సాయంత్రానికి మాయమైతే అది భయం. దొంగ నొప్పి కాదు, బెదిరిన పిల్లవాడి కడుపు నిజంగానే నొప్పి పెడుతుంది. సాగర్ రోడ్డు మీద వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ మీరేం మాట్లాడుతున్నారో ఒకసారి ఆలోచించండి. ‘ఎన్ని గోళ్ళు?’ ‘ఎ టీములోకి ఎప్పుడు?’ అనే రెండు ప్రశ్నలు నెల రోజులు మానేయండి. ‘ఇవాళ ఆట సరదాగా ఉందా?’ అని ఒక్కటి అడిగి ఊరుకోండి. మూడు నెలలకోసారి గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచి, తేదీ వేసి పెట్టండి. మందేమీ రాయడం లేదు. మూడు నెలల తర్వాత ఎలా ఉన్నదీ ఉత్తరం రాయండి.