సగము పాఠము

1959లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించినారు. దల్లీ-రాజహరా ఖనిజము, నందిని సున్నపురాయి, కోకు బొగ్గు కలిసి కొలిమిలో పడిననే ఇనుము దిగును. భారము తగ్గించుటకై సున్నపురాయిని మానివేయుదమని ఎవరైన అన్నచో అక్కడి కార్మికుడు నవ్వును. పాఠ్యపుస్తకముల విషయమున అట్టి సలహాయే ఆచరణకు వచ్చినది.

ఎన్.సి.ఇ.ఆర్.టి. పదవ తరగతి విజ్ఞానశాస్త్రములో అనువంశికత, పరిణామము ఒకే అధ్యాయముగా ఉండెడివి. కోవిడ్ అనంతరము విద్యార్థుల భారము తగ్గించుటకని చెప్పి, 2023 నాటి పుస్తకములో పరిణామమును తీసివేసి అనువంశికతను మాత్రము మిగిల్చినారు. పదునెనిమిది వందలకు పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు బహిరంగలేఖలో నిరసించినారు. పన్నెండవ తరగతి జీవశాస్త్రములో ఆ పాఠమున్నది కదా అని సమర్థకుల వాదము. ఉన్నది. కాని పదవ తరగతితో జీవశాస్త్రమును విడిచి ఐ.టి.ఐ.కో, వాణిజ్యశాస్త్రమునకో పోవువారి గతి యేమి?

లక్షణములు సంతతికి ఎట్లు సంక్రమించునో డార్విన్ చెప్పలేకపోయినాడు; అది మెండెల్ చెప్పినాడు. 1920, 30లలో ఫిషర్, హాల్డేన్, రైట్ ఆ రెంటిని గణితముతో జతపరచినారు. ఆ జంటను విడదీసిన నష్టమేమో భిలాయి చుట్టుపట్ల గ్రామములే చెప్పగలవు. ఛత్తీస్‌గఢ్‌లో గిరిజనులలోను, ఇతర కులములలోను సికిల్ సెల్ వ్యాధి విస్తారముగా ఉన్నది. తల్లిదండ్రులిద్దరును ఆ జన్యువును ఒక్కొక్కటి మోయువారైనచో, ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి కలుగు అవకాశము నాలుగింట ఒకటి. అనువంశికత ఇంతవరకే చెప్పును. ప్రాణములు తీయు జన్యువు తరతరములుగా నశింపక ఏల నిలిచినది? దీనికి ఉత్తరము ప్రకృతి వరణములో ఉన్నది. ఒక్క జన్యువే ఉన్నవారికి ప్రాణాంతకమైన మలేరియా నుండి రక్షణ ఎక్కువ. తలసీమియా విషయమున 1949లో హాల్డేన్ ఇట్టి ఊహ చేసినాడు. సికిల్ సెల్ విషయమున 1954లో ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో నిదర్శనము చూపినాడు.

ఈ ఉత్తరము దొరకనిచోట పూర్వజన్మ పాపము, చెడురక్తము, కులదోషము వచ్చి కూర్చుండును. పెండ్లి సంబంధము తప్పిపోయిన పిల్ల ఆ నిందను మోయును. ఆమె రక్తములోనిది దోషము కాదనియు, మలేరియాను దాటి బ్రతికిన పూర్వుల చిహ్నమనియు చెప్పవలసిన పాఠమునే కోసివేసినారు. అదే 2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయోద్యమము ఆరంభమైనది. రక్తము పరీక్షించి కార్డు ఇయ్యవలెనట. ఆ కార్డు అర్థము మాత్రము చెప్పనక్కరలేదట!

హాల్డేన్ 1957లో భారతదేశమునకు వచ్చి ఈ దేశపు పౌరుడైనాడు. 1964లో భువనేశ్వరమున మరణించినప్పుడు, ఆయన కోరిక ప్రకారము దేహమును కాకినాడ రంగరాయ వైద్యకళాశాల విద్యార్థుల అధ్యయనమునకు ఇచ్చినారు. దేహమును సైతము విద్యార్థులకు విడిచినవాని పాఠమును, పదునైదేండ్ల బాలురకు భారమని దాచుట ఏ న్యాయము?