గుంత చూడకుండానే మందా?

పోయిన నెల మొదటి ఆదివారం మీ పత్రిక అనుబంధంలో పచ్చిక పెంపకం మీద మీరు వేసిన సలహాలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. పచ్చికలో గుంతలు కనబడితే అవి పందికొక్కులవేనట. ఎలుకల మందులో ఎండు రొయ్యల పొడి కలిపి అక్కడక్కడా చల్లాలట. మిగిలిన చోట ఆముదం పిచికారీ చేయాలట. పక్కనే మట్టికుప్పలోంచి మూతి బయటపెట్టిన జంతువు ఫొటో ఒకటి. అది పందికొక్కు కాదండీ, మోల్. మన దేశంలో అది హిమాలయాల తూర్పు వైపున, ఈశాన్య కొండల్లో ఉంటుంది. గోదావరి జిల్లాల్లో దాన్ని చూసినవాడు లేడు. ఆముదం చిట్కా కూడా అమెరికాలో ఆ మోల్‌ను తరమడానికి వాడేదే. అక్కడి వ్యాసాన్ని ఇక్కడికి దించి, జంతువు పేరు మాత్రం మార్చినట్టున్నారు. ఆముదం లీటరు ఎంతుందో మీ రచయిత ఎప్పుడైనా కిరాణా కొట్లో అడిగారా?

నవ్వుకుని ఊరుకునేవాణ్నే. కానీ మా పక్కింటి మాస్టారు నవ్వుకోలేదు. ఆయన కడియం నర్సరీల నుంచి మెక్సికన్ గడ్డి తెప్పించి ఇంటి ముందు ముచ్చటగా పరిపించుకున్నారు. అందులో గుంతలు పడుతున్నాయని బెంగ. మీ పత్రికలో వచ్చిందంటే ఆయనకు వేదం. మర్నాడే బ్రోమడియోలోన్ బిళ్లలు తెచ్చి, నలగ్గొట్టి, రొయ్యల పొడి దట్టించి గడ్డినిండా చల్లారు. ఆ వాసనకు పందికొక్కు వచ్చిందో లేదో తెలియదు. మా పిల్లి మాత్రం గోడ దూకింది. గోదావరి జిల్లా పిల్లి ముందు ఎండు రొయ్యలు పెడితే ఏమవుతుందో చెప్పడానికి శాస్త్రవేత్త కావాలా?

ఆ మందు వెంటనే పనిచేయదు. ఒంట్లో రక్తం గడ్డకట్టే గుణాన్ని కొద్దికొద్దిగా చంపుతుంది. మొదట్లో పిల్లి మామూలుగానే తిరిగింది. తర్వాత అన్నం ముట్టలేదు, మంచం కిందికి చేరింది. చిగుళ్ల నుంచి రక్తం కారడం చూసి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. తిన్న రోజే తెస్తే విటమిన్ కె సూదులతో బతికించేవాణ్నని డాక్టరు గారు అన్నారు. తిన్నదని మాకెలా తెలుస్తుంది? మీ వ్యాసంలో ఆ విరుగుడు ముక్క ఒక్కటైనా లేదు. పిల్లి ఆ రాత్రే పోయింది. మాస్టారితో మాకు తగువు లేదు. ఆయన వచ్చి తలవంచుకుని నిలబడితే నేనే కుర్చీ వేశాను. నా తగువు మీతో.

ఇంతకీ ఆ గుంతలెవరివి? నేను వెళ్లి చూశాను. వేలెడు లోతు లేవు, పక్కన మట్టికుప్ప లేదు, లోపల బొరియ లేదు. పట్టపగలు ముంగిస వచ్చి ముక్కుతో వాసన పడుతూ తవ్వుకుపోవడం మా మేడ మీంచి స్పష్టంగా కనబడింది. గడ్డి ఒక మూల పట్టుకు లాగితే చాపలా లేచి వచ్చింది. కింద తెల్లగా, ముడుచుకున్న వేరుపురుగులు. మాగని పేడ ఎరువు వేసి దాని మీద గడ్డి పరిస్తే పురుగు చేరదూ? ఆ పురుగును తింటున్న ముంగిస మీ లెక్కన దొంగ! దాన్ని చంపినా, బోనులో పట్టినా 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. అక్కడ చేయాల్సింది పురుగును ఏరేయడం, బాగా మాగిన ఎరువు వేయడం. ఎరువు గుంటలో కొమ్ముపురుగుకు కొబ్బరి రైతులు వాడే మెటారైజియం శిలీంధ్రం ఉండనే ఉంది.

పందికొక్కు పని వేరు. బొరియ నోటి దగ్గర కొత్త మట్టి కుప్పగా ఉంటుంది. సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూసి, పొద్దున్నే తెరుచుకున్నవి చూస్తే అది ఎందులో ఉందో తెలిసిపోతుంది. పొలాల్లో ఎలుకల బుట్టలు పెట్టేవాళ్లు బొరియ చూడగానే చెప్పేస్తారు. మందు పెట్టక తప్పకపోతే ఆ బొరియలోపలే పెట్టి నోరు మూయాలి. ఇక ఏజెన్సీ వైపు నేల నాగలితో దున్నినట్టు తిరగబడి, చీలిన గిట్టల జాడ కనబడితే అడవి పంది. కంద దుంపలు కొరికి, ముల్లు రాలి ఉంటే ముళ్లపంది. వీటన్నిటికీ ఒకే మందా?

ఇంకో మాట. అదే అనుబంధం చివరి పేజీ నిండా కొండ అంచున విల్లాల ప్రకటన. ఆ విల్లాల్లోకి రేపు అడవి పంది వస్తే ‘బీభత్సం’ అని మొదటి పేజీలో వేసేదీ మీరే. అడవి పందులను చేల నుంచి దూరంగా ఉంచే పద్ధతుల మీద రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పని జరుగుతోంది. అక్కడికి ఒక్క ఫోను చేస్తే పోయేదేముంది?

వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయండి. ఈలోగా ఆ సలహా పాటించిన పాఠకులు దయచేసి చల్లిన మందును ఇవాళే చేతి తొడుగు వేసుకుని ఏరి పూడ్చేయండి. మీ కుక్కో, పిల్లో తిన్నట్టు అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి, మందు అట్టపెట్టెతో సహా పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి.

— ఒక పాత పాఠకుడు, రాజమహేంద్రవరం