ఇంటి రిపోర్టు అమ్మేవాళ్లకు ఇవ్వాలా, వద్దా?

దుఖాన్‌లో పనిచేసే మనవాళ్లలో పిల్లల చదువుల కోసం హైదరాబాద్‌లో ఫ్లాటు కొనుక్కోవాలనుకునే వారు చాలామంది ఉన్నారు. కొత్తదానికి డబ్బు చాలక కొందరు పాత ఫ్లాటు చూసుకుంటారు. మనం ఇక్కడ, ఇల్లు అక్కడ. అందుకని బయానా ఇచ్చే ముందే ఒక సివిల్ ఇంజనీరుకు ఫీజు ఇచ్చి, ఇల్లంతా చూపించి రిపోర్టు రాయించుకోవడం మంచి పద్ధతి.

అసలు చిక్కు ఆ తర్వాతే. జగిత్యాల వైపు సోదరుడొకరు ఈమధ్య మమ్మల్ని ఇదే అడిగారు. ఆయన కొనబోయే ఫ్లాటులో బాత్రూము గోడకు చెమ్మ ఉంది, వంటగది స్లాబు పెచ్చులు ఊడుతోంది, ప్లగ్గులకు ఎర్తింగ్ లేదు. రిపేరు చేయించమంటే అమ్మే ఆయన "రిపోర్టు పంపండి, చూస్తాను" అన్నారట. బావమరిదేమో "ఇవ్వకు బావా, డబ్బులు పెట్టి రాయించుకున్నది మనం" అంటున్నాడట. ఎవరి మాట వినాలి?

మేమైతే ఇవ్వమనే చెబుతాం. కాకపోతే అవసరమైన పేజీలే ఇవ్వాలి.

ఇక్కడ ప్లాంటు పనుల్లో ఉన్నవారికి పంచ్ లిస్ట్ తెలుసు. "పని బాగాలేదు" అని రాస్తే కాంట్రాక్టరు కదలడు. వరస నంబరు, ఏ చోట, ఏం లోపం, ఏం చేయాలి, పక్కన ఫోటో ఉంటేనే పని జరుగుతుంది. ఇంటికీ అదే లెక్క. ఊరికే నోటిమాటగా చెబితే ధర తగ్గించడానికి ఆడే నాటకం అనుకుంటారు. ఇంజనీరు సంతకం, ఫోటో ఉన్న పేజీ చూస్తే ఆ అనుమానం ఉండదు.

ఖర్చు అంచనా, ధర మీద ఇంజనీరు అభిప్రాయం ఉన్న పేజీలు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. అవి మీ బేరం కోసం. తలుపు గొళ్లెం, రంగు వెలిసిన గోడ లాంటివి కూడా వదిలేయండి. నలభై లోపాలు ఏకరువు పెడితే అమ్మేవారికి కోపం వస్తుంది, ముఖ్యమైన నాలుగూ అందులో కలిసిపోతాయి.

ఈ రిపోర్టు రెండు వైపులా పదునున్న కత్తి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, తనకు తెలిసి, కొనేవారికి మామూలు జాగ్రత్తతో కనబడని పెద్ద లోపాన్ని అమ్మేవారు చెప్పి తీరాలి. రిపోర్టు చేతికి అందాక ఆ లోపం తెలియదని ఆయన రేపు ఇంకొకరితో అనలేరు. కొందరు రిపోర్టు తీసుకోవడానికి వెనకాడేందుకు ఇదొక కారణం. అలాగే రిపోర్టు చదివిన మీరు కూడా "నాకు దాచిపెట్టారు" అని తర్వాత అనలేరు. తెలిసీ కొన్నట్టే అవుతుంది. కాబట్టి తేల్చుకోవలసింది రిజిస్ట్రేషన్‌కు ముందే.

ఎలాగంటారా? పేజీలు బ్రోకరు చేత పంపకుండా నేరుగా ఈమెయిల్ చేయండి. ఏ రిపేరు, ఏ తేదీలోగా, ఎవరి ఖర్చుతో అన్నది అమ్మకం అగ్రిమెంటులో రాయించండి. పని అయ్యాక అదే ఇంజనీరు మళ్లీ చూసేదాకా మిగతా సొమ్ములో కొంత ఆపుకొనే షరతు పెట్టండి. అమ్మే ఆయన రిపేరు చేయనంటే ఆ మేరకు ధర తగ్గించమని అడగండి. డాబా మీద కారేది మాత్రం ఆయన ఒక్కరి చేతిలో లేదు, ఫ్లాట్ల అసోసియేషన్‌తో మాట్లాడాలి.

కొత్త ఫ్లాటు బిల్డరు దగ్గర కొన్నవారి సంగతి వేరు. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఇల్లు అప్పగించిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు కట్టడంలో, పనితనంలో లోపం బిల్డరు దృష్టికి తెస్తే, ఆయన 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. అక్కడ బేరం లేదు కాబట్టి లోపాల పేజీలన్నీ ఇవ్వండి, అందినట్టు రసీదు తీసుకోండి.

దోహా ఎంబసీలో సంతకం చేసి తమ్ముడికో బావమరిదికో జీపీఏ పంపిన వారికి ఇంకో మాట. అక్కడ సంతకం పెట్టేది ఆయనే. కాబట్టి లోపాల జాబితా ఆయన చేతిలోనూ ఒకటి ఉంచండి. ప్రతి నంబరు పక్కన "అయింది" అని ఇంజనీరు రాశాకే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లు ఎక్కమనండి. ఒక్కసారి సంతకం పడ్డాక ఇక్కడి నుంచి మనం ఎన్ని ఫోన్లు చేసినా, ఆ చెమ్మ గోడ మనదే.