నొప్పికి సాక్ష్యం అడిగేవారితో ఒక వివాదం

‘ఔషధ కంపెనీలు సృష్టించిన వ్యాధి’ అన్న మాట మన సాహిత్య సదస్సులలో ఈ మధ్య తరచు వినిపిస్తున్నది. వైద్యాధికారాన్ని గురించి పత్రం చదివేవారు ఫూకోతో మొదలుపెట్టి, రెండు పేజీలు తిరగకముందే ఫైబ్రోమయాల్జియా దగ్గరికి వస్తారు. ఒళ్ళంతా నెలల తరబడి నొప్పి, నిద్రపోయినా తీరని అలసట, మాట మధ్యలో జారిపోయే జ్ఞాపకం ఈ వ్యాధి లక్షణాలు. రక్తపరీక్షలో గాని, ఎక్స్‌రేలో గాని దీని ఆనవాలు కనిపించదు. కనిపించదు కనుక అది లేదనీ, ఉన్నది మందుల సంత మాత్రమేననీ వారి వాదం. ఈ వాదం పైకి తిరుగుబాటులా కనిపించినా, ఆచరణలో రోగిని నమ్మని వైద్యుని పక్షాన నిలుస్తున్నదని నా అభియోగం.

ముందుగా కాలక్రమం చూడాలి. 1904లో విలియం గవర్స్ అనే ఆంగ్ల వైద్యుడు నడుమునొప్పిని గురించి ప్రసంగిస్తూ ‘ఫైబ్రోసైటిస్’ అన్న పేరు పెట్టాడు. ఆ పేరులోని ‘ఐటిస్’ అన్న ప్రత్యయం తాపాన్ని, వాపును సూచిస్తుంది. కణజాలంలో ఆ తాపం దొరకలేదు. 1976లో పేరు ఫైబ్రోమయాల్జియాగా మారింది. 1990లో అమెరికా రుమటాలజీ కళాశాల ప్రమాణాలు ప్రకటించింది: మూడు నెలలకు తక్కువ కాని విస్తృతమైన నొప్పి, శరీరంపై గుర్తించిన 18 బిందువుల వద్ద సుమారు 4 కిలోల ఒత్తిడితో నొక్కితే కనీసం 11 చోట్ల నొప్పి. ఈ వ్యాధికి అమెరికాలో ఆమోదం పొందిన మొదటి మందు ప్రీగాబాలిన్. అప్పట్లో ఫైజర్ ‘లిరికా’ పేరిట అమ్మిన ఆ మందుకు ఈ ఆమోదం వచ్చింది 2007లో. ప్రమాణాలకూ మందుకూ మధ్య పదిహేడేళ్ళ ఎడమున్నది. ఫైజర్ రోగిని సృష్టించలేదు. అప్పటికే ఉన్న రోగిని కనుగొని, టెలివిజన్ ప్రకటనలతో ఆమె చుట్టూ అంగడి కట్టింది. ఈ రెండింటికీ తేడా లేదనేవారితో వాదించడం కష్టం.

ప్రతిపక్షం చేతిలో ఒక బలమైన అస్త్రమున్నదని ఒప్పుకొంటాను. 1990 ప్రమాణాల ప్రధాన రచయిత ఫ్రెడరిక్ వుల్ఫ్. ఆయనే 2008లో న్యూయార్క్ టైమ్స్ పత్రికతో మాట్లాడుతూ తమ నిర్వచనానికి విచారం వెలిబుచ్చాడు. అది వ్యాధి కాదనీ, ఒత్తిడికీ సామాజిక, ఆర్థిక ఆందోళనలకూ శరీరమిచ్చే ప్రతిస్పందన అనీ అభిప్రాయపడ్డాడు. మన వక్తలు దీన్ని ఉటంకించి ఆగిపోతారు. 2010లో వెలువడిన కొత్త ప్రమాణాలకు కూడా మొదటి రచయిత ఆ వుల్ఫేనన్న సంగతి చెప్పరు. వ్యాధి అన్న ముద్రను శంకించినవాడు కూడా ఆ మనుషులను వర్ణించే పని మానలేకపోయాడు.

మందుల విషయంలో నాకు భ్రమలు లేవు. ప్రీగాబాలిన్, డ్యులోక్సెటిన్, మిల్నాసిప్రాన్ ఈ మూడింటినీ అమెరికా ఈ వ్యాధికి అనుమతించింది. ఐరోపా ఔషధ సంస్థ మూడింటినీ నిరాకరించింది. కాక్రేన్ సమీక్ష ప్రకారం ప్రీగాబాలిన్ వల్ల, ఉత్తుత్తి మాత్ర తిన్నవారికంటే అదనంగా చెప్పుకోదగిన ఉపశమనం పొందేది పదిమందిలో ఒక్కరు. కళ్ళు తిరగడం, మగత, బరువు పెరగడం మాత్రం ఇంకా ఎక్కువమంది పాలబడతాయి. 2016 నాటి ఐరోపా సిఫారసులలో బలమైన సిఫారసు దక్కింది వ్యాయామానికొక్కదానికే. అయితే మందు బలహీనమైతే రోగం అబద్ధమవుతుందా? ఆ తర్కమే నిజమైతే స్ట్రెప్టోమైసిన్ రాకముందు క్షయ కూడా అబద్ధమే కావాలి.

ఇక సాక్ష్యం. 2002లో గ్రేస్లీ బృందం బొటనవేలి గోటిపై ఒత్తిడి కలిగిస్తూ మెదడును చిత్రించింది. ఇతరులకు పెద్దగా బాధించని ఒత్తిడికే రోగుల మెదడులో నొప్పికి సంబంధించిన భాగాలు చురుకయ్యాయి. 2021లో లండన్, లివర్‌పూల్, స్టాక్‌హోమ్ పరిశోధకులు రోగుల రక్తంలోని ప్రతిరక్షకాలను ఎలుకలకు ఎక్కించగా వాటికి నొప్పి సున్నితత్వం పెరిగింది. వీటితో వివాదం తీరిపోయిందని నేననను. రోగనిర్ధారణకు పనికివచ్చే పరీక్ష ఏదీ వీటినుంచి ఇంకా పుట్టలేదు.

పుట్టలేదు కనుకనే ఈ చర్చ మన శాఖ గడప తొక్కుతున్నది. 2010 ప్రమాణాలు బిందువులను నొక్కడం మానేశాయి. శరీరంలో 19 చోట్లలో ఎక్కడెక్కడ నొప్పి, అలసట ఎంత, నిద్ర ఎలా ఉన్నది అని అడిగి అంకెలు వేస్తాయి. అంటే నిర్ధారణ ఇప్పుడు రోగి మాట మీద నిలబడింది. 1975లో మెల్జాక్ రూపొందించిన మెక్‌గిల్ ప్రశ్నావళి నొప్పిని చెప్పే 78 ఆంగ్ల పదాలను 20 వర్గాలుగా పేర్చింది. ఆ వర్గాలను తెలుగులోకి దించబోతే ఏమవుతుందో ఆలోచించండి. మన ‘పోటు’లో కత్తి దిగడమూ ఉన్నది, సముద్రం పొంగడమూ ఉన్నది, తలపోటు అన్నప్పుడు ఏది ఎంతో చెప్పేవారెవరు? పన్ను సలుపుతుంది, కాళ్ళు పీకుతాయి, పిక్కలు లాగుతాయి, కీళ్ళు తీపులు తీస్తాయి, మెడ పట్టేస్తుంది. ఇవి ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. ‘ఒళ్ళంతా పచ్చిపుండుగా ఉన్నదమ్మా’ అని చెప్పిన స్త్రీ మాట చీటీలో ‘ఒళ్ళునొప్పులు’గా మారిన క్షణంలోనే ఆమె కేసు సగం ఓడిపోతుంది. తాకితేనే ఓర్వలేనితనం, అంటే ఈ వ్యాధి ప్రధాన లక్షణమే, ఆ అనువాదంలో రాలిపోయింది.

పరిభాషాకర్తలకూ ఒక మాట. దీన్ని ‘కండరాల నొప్పి’ అని రాసే అలవాటు పత్రికలలో స్థిరపడుతున్నది. రేపు ఎవరో ‘తంతుకండరశూల’ అని సమాసం కడతారు. మూల పదంలోనే పోగులు, కండరాలు ఉన్నాయి, నిజమే. కాని శోధన ఇప్పుడు కండరాన్ని దాటి నాడీవ్యవస్థ వైపు నడిచింది. గవర్స్ చేసిన పొరపాటునే మనం సంస్కృతీకరించి భద్రపరచనవసరం లేదు. ఫైబ్రోమయాల్జియా అన్న పదాన్నే ఉంచుకోవడం మేలు.

సామాజిక నిర్మాణవాదులు నిజంగా పట్టుకోదగిన కొస ఒకటి ఇక్కడున్నది, వారే దాన్ని వదిలేశారు. స్త్రీలు సగటున తక్కువ ఒత్తిడికే నొప్పిని చెబుతారు. కనుక వేలితో నొక్కి లెక్కించే 1990 పద్ధతి స్త్రీలనే ఎక్కువగా పట్టింది. నొక్కడం మానేసిన ప్రమాణాలతో జనసామాన్యాన్ని సర్వే చేస్తే ఆ అంతరం బాగా తగ్గింది. ‘ఆడవాళ్ళ జబ్బు’ అన్న పేరులో కొంత భాగం వైద్యుని బొటనవేలు తయారు చేసినదే. హిస్టీరియా చరిత్ర చదివినవారు రాయవలసిన వ్యాసం ఇది. దాని బదులు వారు, ప్రయోగశాల ఒప్పుకోని బాధను తామూ ఒప్పుకోమంటున్నారు.

మన 2016 వికలాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాలలో ఫైబ్రోమయాల్జియా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పదకొండవ వ్యాధి వర్గీకరణలో అది ‘దీర్ఘకాలిక ప్రాథమిక నొప్పి’ కింద చేరింది. నొప్పి మరొక రోగపు లక్షణం కాకుండా తానే రోగం కావచ్చునన్న అంగీకారం అందులో ఉన్నది. ఈ వర్గీకరణ ఏదో ఒకనాడు తెలుగులోకి వస్తుంది. అప్పుడు ప్రశ్నాపత్రం మీద ‘సలుపు’ ఉంటుందా, ‘నొప్పి: ఉన్నది / లేదు’ అన్న రెండు గళ్ళే ఉంటాయా అన్నది వైద్యశాఖ ఒక్కటే తేల్చగలిగినది కాదు. పదిచోట్ల నొప్పి పుట్టి పదకొండో చోట పుట్టని మనిషిని 1990 ప్రమాణం వెలుపల నిలబెట్టింది. ‘సృష్టి’ వాదులు పదకొండు చోట్ల పుట్టినవారిని కూడా ఆమె పక్కనే నిలబెడుతున్నారు.